యాప్‌లో 154 సరే... ఆ పొగ ఎవరిది?

ముందుగా నా ఫోన్‌లో ఉన్న రెండు యాప్‌లు పక్కపక్కన చూపిస్తా, చూడండి. ఒకే ఊరు, ఒకే సమయం. మొదటి యాప్‌లో ఏక్యూఐ 100, రంగు ఆకుపచ్చ, కింద "సంతృప్తికరం" అని ఉంది. రెండో దాంట్లో 154, రంగు ఎరుపు, "ఆరోగ్యానికి హానికరం" అని ఉంది. చాలామంది దీన్ని చూసి "ఈ యాప్‌లన్నీ ఫేక్ బ్రో" అని వదిలేస్తారు. ఫేక్ కాదు. రెండూ ఒకే గాలి గురించి చెబుతున్నాయి. ఒక ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి 60 మైక్రోగ్రాములు ఉంటే, మన దేశపు స్కేలు దాన్ని 100 అంటుంది. అమెరికా స్కేలు అదే 60ని 150 దాటించి చూపిస్తుంది. టేపు మారింది, గోడ మారలేదు, అంతే.

కానీ ఈ రోజు మన ప్రశ్న అది కాదు. 100 అయినా 154 అయినా, ఆ నంబరు మీకొక విషయం చెప్పదు. ఆ 60 మైక్రోగ్రాముల్లో బస్సు పొగ ఎంత, రోడ్డు దుమ్ము ఎంత, చెత్త తగలబెట్టిన పొగ ఎంత, ఎక్కడో 200 కిలోమీటర్ల అవతల బొగ్గు ప్లాంటు నుంచి వచ్చింది ఎంత? మనకి కనిపించేది మొత్తం బిల్లు. ఐటమ్ వారీగా లేదు. ఏ ఐటమ్ ఎంతో తెలియకపోతే ఖర్చు ఎక్కడ తగ్గించాలో ఎలా తెలుస్తుంది?

ఆ ఐటమ్ బిల్లు రాసే పద్ధతి ఒకటి ఉంది. కాస్త ఓపిగ్గా వినండి, ఇందులో డిటెక్టివ్ కథ ఉంది.

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నగా ఉన్న కణాలు. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఒక వెంట్రుక అడ్డంగా ఈ కణాలు ఓ పాతిక వరసలో నిలబడగలవు. ఇవి ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతాయి. ఇందాకటి యాప్ నంబరు ఎక్కడి నుంచి వస్తుందంటే, ఊళ్ళో అక్కడక్కడా పొల్యూషన్ బోర్డు పెట్టిన మెషిన్ల నుంచి. వాటిలో ఎక్కువ భాగం ఒక టేపు మీద గంటకోసారి ధూళి పట్టి, దాని గుండా బీటా కిరణాలు పంపి, ఎంత మేర అడ్డుపడ్డాయో చూసి బరువు కడతాయి. బరువే. ఆ మచ్చలో ఉన్నది మట్టో మసో ఆ మెషిన్‌కి తెలీదు. వెయ్యి రూపాయల చిన్న సెన్సార్లు ఇంకా అమాయకం. అవి లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూసి అంచనా వేస్తాయి. పొగమంచు పట్టినా నంబరు పెంచేస్తాయి.

సరే, ధూళి స్వభావం తెలియాలంటే దాన్ని పట్టుకోవాలి. ఎలా?

స్క్రీన్ మీద ఉన్నది చూశారా, మినీ ఇడ్లీ అంత గుండ్రటి తెల్లటి ముక్క? అది టెఫ్లాన్ ఫిల్టర్, 47 మిల్లీమీటర్లు. పంపు నిమిషానికి 16.7 లీటర్ల గాలిని దాని గుండా లాగుతుంది. లోపలికి వచ్చే దారిలోనే ఒక వంపు పెడతారు. పెద్ద కణాలు మలుపు తిరగలేక గోడకి కొట్టుకుని అక్కడే ఉండిపోతాయి, చిన్నవి గాలితో పాటు తిరిగి ఫిల్టర్ దాకా వస్తాయి. ఇలా 24 గంటలు నడిపితే 24 ఘనపు మీటర్ల గాలి పోతుంది. మనం రోజంతా పీల్చే గాలికి ఇది సుమారు రెండింతలు.

ఇప్పుడు లెక్క వేయండి. 60 మైక్రోగ్రాములు ఇంటూ 24. మొత్తం 1440 మైక్రోగ్రాములు, అంటే ఒకటిన్నర మిల్లీగ్రాము కూడా లేదు. రెండు మూడు పంచదార పలుకులంత. ఫిల్టర్ బరువే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. లారీని డ్రైవర్ ఎక్కకముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి తూచి డ్రైవర్ బరువు చెప్పమన్నట్టు ఉంటుంది పని. అందుకే ఫిల్టర్‌ని తూచే ముందు ఒక రోజు పాటు ఒకే వేడి, ఒకే తేమ ఉన్న గదిలో పడుకోబెడతారు. తేమ పీల్చినా బరువు మారుతుంది కదా. స్టాటిక్ కరెంటు ఉంటే త్రాసు తప్పు చెబుతుంది, దాన్ని కూడా పోగొడతారు. చేత్తో ముట్టుకోరు, పట్టకారుతోనే. ఇంకో ఖాళీ ఫిల్టర్‌ని సైటుకి తీసుకెళ్ళి, గాలి లాగకుండా వెనక్కి తెస్తారు. దాని మీద ఏమైనా అంటుకుంటే అది దారిలో అంటినదే, అంత మేర అన్నింటిలోంచి తీసేస్తారు. నాకు ఈ మొత్తం పనిలో బాగా నచ్చేది ఈ ఖాళీ ఫిల్టరే. ఏమీ చేయకపోవడమే దాని డ్యూటీ.

తూకం అయ్యాక అసలు పరీక్షలు. టెఫ్లాన్ ఫిల్టర్ మీద ఎక్స్‌రేలు వేస్తే ప్రతి మూలకం తన సొంత శక్తితో తిరిగి మెరుస్తుంది. అల్యూమినియం ఎంత, సిలికాన్ ఎంత, ఇనుము, జింక్, సీసం ఎంత అన్నది తెలుస్తుంది. నీళ్ళలో కరిగే సల్ఫేట్, నైట్రేట్, అమోనియం లాంటివి వేరే మెషిన్‌లో. మసికి మాత్రం టెఫ్లాన్ పనికిరాదు, ఎందుకంటే టెఫ్లాన్‌లోనే కార్బన్ ఉంది, పైగా వేడికి తట్టుకోదు. అందుకని పక్కనే ఇంకో పంపుకి క్వార్ట్జ్ ఫిల్టర్ పెడతారు. ఆ ముక్కని ముందు హీలియంలో కాలుస్తారు, అప్పుడు ఆవిరయ్యేది ఆర్గానిక్ కార్బన్. తర్వాత ఆక్సిజన్ ఇస్తారు, అప్పుడు మండేది నల్లటి మసి. డీజిల్ పొగలో మసి వాటా ఎక్కువ, కట్టెల పొగలో ఆర్గానిక్ వాటా ఎక్కువ.

ఇక వేలిముద్రలు. ప్రతి పొగకీ ఒకటి ఉంటుంది. మట్టి దుమ్ము అంటే సిలికాన్, అల్యూమినియం, కాల్షియం, టైటానియం. బ్రేకులు అరిగితే రాగి, యాంటిమొనీ, బేరియం. టైరు అరిగితే జింక్. వైజాగ్ లాంటి పోర్టు ఊళ్ళో ఓడలు వాడే చిక్కటి ఇంధనం కాలితే వెనేడియం, నికెల్ పడతాయి. సముద్రపు గాలికి సోడియం, క్లోరిన్ ఎలాగూ ఉంటాయి. బొగ్గుకి ఆర్సెనిక్, సెలీనియం. ప్లాస్టిక్ కలిసిన చెత్త కాలిస్తే క్లోరిన్, యాంటిమొనీ.

కట్టెలు, గడ్డి, ఆకులు కాలిస్తే పొటాషియం. అయితే ఇక్కడో చిక్కుంది. దీపావళి మర్నాడు ఫిల్టర్ తీస్తే దాని మీద కూడా పొటాషియం దండిగా ఉంటుంది, బాణసంచా మందులో ఉండేదే అది. అలా అని "నిన్న ఊళ్ళో అందరూ కట్టెల పొయ్యి మీద వండారు" అని రిపోర్టు రాస్తే నవ్వుతారు. కాబట్టి ఇంకో సాక్షి కావాలి. లెవోగ్లూకోసాన్ అని ఒక పదార్థం ఉంది. చెట్టు ఒంట్లో ఉండే సెల్యులోజ్ మంటలో విరిగితేనే అది పుడుతుంది. డీజిల్ కాలిస్తే రాదు, మతాబా కాలిస్తే రాదు. అది కనిపించిందంటే చెట్టో గడ్డో కాలినట్టే. దీపావళిని పట్టించేది బేరియం, స్ట్రాన్షియం. ఆకుపచ్చ వెలుగు బేరియంది, ఎరుపు స్ట్రాన్షియంది. మీరు చూసి చప్పట్లు కొట్టిన రంగులే మర్నాడు ఫిల్టర్ మీద ఉంటాయి.

వేలిముద్రలు దొరికాయి. వాటా ఎలా తేల్చాలి? మా ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది, పక్కింటి పులుసు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని "చింతపండు నిమ్మకాయంత వేసింది, బెల్లం ఎక్కువైంది" అని చెప్పేస్తుంది. సైంటిస్టులు చేసేదీ అదే, కాకపోతే నాలుక బదులు సమీకరణాలు. చిన్న లెక్క చేద్దాం. అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవే, నిజమైనవి కావు.

రోడ్డు దుమ్ములో నూటికి 20 వంతులు సిలికాన్, 2 వంతులు పొటాషియం అనుకోండి. కట్టెల పొగలో సిలికాన్ అసలు లేదు, పొటాషియం 5 వంతులు. ఇప్పుడు మన ఫిల్టర్‌లో సిలికాన్ 4 మైక్రోగ్రాములు, పొటాషియం 2 మైక్రోగ్రాములు కనిపించాయి. సిలికాన్ అంతా దుమ్ముదే కాబట్టి 4 రావాలంటే దుమ్ము 20 మైక్రోగ్రాములు ఉండాలి. ఆ దుమ్ముతో పాటు 0.4 పొటాషియం కూడా వచ్చేసింది. 2 లోంచి 0.4 పోతే మిగిలింది 1.6, అది పొగది. 1.6 రావాలంటే పొగ 32 మైక్రోగ్రాములు ఉండాలి. 20, 32 కలిపితే 52. ఫిల్టర్ తూకం 60 చూపించింది. మిగిలిన 8? ఇంకెవరో ఉన్నారు, వెతకండి. ఇదే పద్ధతి రెండు మూలకాలకి బదులు ఇరవై ముప్ఫైతో, రెండు సోర్సులకి బదులు ఎనిమిదితో చేస్తే దాన్ని కెమికల్ మాస్ బ్యాలెన్స్ అంటారు.

దీనికి ఒక షరతు ఉంది. ప్రతి పొగ వేలిముద్ర ముందే చేతిలో ఉండాలి. అమెరికా లారీ పొగ వేలిముద్ర పట్టుకొచ్చి మన ఆటోకి సరిపోలిస్తే తప్పుతుంది. అందుకే మన దేశంలో ఆరు నగరాల స్టడీ చేసినప్పుడు బండ్ల పొగని పుణేలోని ఏఆర్ఏఐ, మిగతా పొగల్ని ఐఐటీ బాంబే విడిగా కొలిచి ప్రొఫైల్స్ తయారుచేశాయి. తందూరు, చెత్త మంట, ఇటుక బట్టీ, అన్నీ.

వేలిముద్రలు లేకపోతే? దానికీ దారి ఉంది. 1994లో ఫిన్లాండ్‌కి చెందిన పాటెరో, టాపర్ అనే ఇద్దరు ప్రచురించిన లెక్క, పేరు పాజిటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్. పేరు చూసి భయపడకండి. మీ కాలేజీ అటెండెన్స్ రిజిస్టర్ అనుకోండి. ఓ వంద రోజుల రిజిస్టర్ తీసి చూస్తే, ఒక ఆరుగురు ఎప్పుడూ ఒకే రోజు ఆబ్సెంట్, ఒకే రోజు లేట్. వాళ్ళెవరో మీకు తెలీదు, కానీ వీళ్ళు ఒకే ఊరి బస్సులో వస్తారని చెప్పేయొచ్చు. ఆ బస్సు ఏ ఊరిదన్నది వాళ్ళని చూశాక తేలుతుంది. అలాగే వంద ఫిల్టర్లలో సిలికాన్, అల్యూమినియం, టైటానియం కలిసి పెరిగి కలిసి తగ్గుతుంటే అవి ఒక గుంపు. "ఇది మట్టి" అని పేరు పెట్టేది మనిషి. అక్కడే పొరపాటుకి చోటుంది. ఈ సాఫ్ట్‌వేర్‌ని అమెరికా ఈపీఏ ఉచితంగానే ఇస్తోంది, బీటెక్ ప్రాజెక్టుకి చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే ట్రై చేయండి.

మన హైదరాబాద్‌లో ఇది జరిగిందా అంటే, జరిగింది. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2005లో మొదలైంది. పంజాగుట్ట, చిక్కడపల్లి, సెంట్రల్ యూనివర్సిటీ, ఈ మూడు చోట్ల, మూడు సీజన్లలో 180 శాంపిళ్ళు తీశారు. శరత్ గుత్తికొండ, ఆయనతో పాటు మరో ముగ్గురు 2013లో దాన్ని పేపర్‌గా ప్రచురించారు. వాడింది ఇందాకటి పులుసు లెక్కే. ఏం తేలిందంటే, పీఎం 10లో, అంటే కాస్త పెద్ద ధూళిలో, బండ్ల పొగ, రోడ్డు దుమ్ము రెండూ కలిసి 60 శాతం పైనే. కానీ లోపలికి దూరే పీఎం 2.5కి వచ్చేసరికి బండ్ల పొగతో పాటు పరిశ్రమల బొగ్గు, చెత్త కాల్చిన పొగ, గాల్లోనే తయారైన కణాలు కూడా చేరాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి తన ప్లాన్‌కి ఈ ఫలితాలే వాడుకుంది.

"గాల్లోనే తయారైన" అన్నాను కదా, అదేంటో చెప్పాలి. బొగ్గు ప్లాంటు నుంచి వచ్చేది గ్యాసు, సల్ఫర్ డయాక్సైడ్. బండి నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు. యూరియా వేసిన పొలం నుంచి, పశువుల కొట్టం నుంచి అమోనియా. ఇవేవీ కణాలు కావు. కానీ గాల్లో కలిసి ప్రయాణం చేస్తూ, ఒకటి రెండు రోజుల్లో అమోనియం సల్ఫేట్, అమోనియం నైట్రేట్ అనే కణాలుగా గట్టిపడతాయి. వీటికి పొగగొట్టం లేదు. ఫిల్టర్ మీద సల్ఫేట్ ఎంతుందో చెప్పగలం గానీ, అది ఏ ప్లాంటుదో ఆ ఫిల్టర్ ఒక్కటే చెప్పలేదు. గాలి ఎటు నుంచి వీచిందో వెనక్కి లెక్క కట్టి చూసుకోవాలి. అలాగే డీజిల్ లారీ పొగ, డీజిల్ జనరేటర్ పొగ కవలలు. ఏ మోడలూ వాటిని విడదీయలేదు.

ఇప్పుడు ఢిల్లీకి వెళ్దాం, ఎందుకంటే ఈ సబ్జెక్టులో నన్ను బాగా ఆలోచింపజేసిన రెండు అంకెలు అక్కడివే. ఐఐటీ కాన్పూర్ వాళ్ళు ఢిల్లీ ప్రభుత్వానికి ఇచ్చిన రిపోర్టు, 2016 జనవరిది. అందులో ఒక చోట, ఊళ్ళో రోజూ గాల్లోకి లేచే పీఎం 2.5లో రోడ్డు దుమ్ము వాటా 38 శాతం అని ఉంది. బండ్లది 20. ఇంకో చోట, చలికాలంలో ఫిల్టర్ మీద దొరికిన పీఎం 2.5లో మట్టి, రోడ్డు దుమ్ము కలిపి 4 శాతమే అని ఉంది. గాల్లో తయారైనవి 30, కట్టెలు గడ్డి కాల్చినవి 26, బండ్లు 25, చెత్త మంటలు 8.

ఒకే రిపోర్టు. 38 ఒక చోట, 4 ఒక చోట. వాట్సాప్‌లో ఎవరికి నచ్చిన అంకె వాళ్ళు పంపుకోవచ్చు. నిజానికి రెండూ తప్పు కాదు, ప్రశ్నలు వేరు. మొదటిది ఊరి హద్దుల్లో ఏం లేస్తోందని లెక్క. ఎన్ని కిలోమీటర్ల రోడ్డు, ఎన్ని బండ్లు, ఎంత దుమ్ము అని గుణించి తెచ్చింది. రెండోది ముక్కు దగ్గర ఏముందని లెక్క. ఊరి బయట నుంచి వచ్చిన పొగ మొదటి దాంట్లో లేదు. గాల్లో పుట్టిన కణాలకి దాంట్లో అసలు గడే లేదు. దుమ్ము కూడా చలికాలం మంచులో వేసవిలా లేవదు. అదే రిపోర్టులో వేసవి ఫిల్టర్లు చూస్తే దుమ్ము 27 శాతం ఉంది, బండ్ల వాటా 9కి పడిపోయింది. అంటే "ఢిల్లీ పొల్యూషన్‌కి కారణం ఎవరు" అన్న ప్రశ్నకి నెల చెప్పకుండా జవాబు లేదు.

దీని మీద డబ్బు నడుస్తోంది, అందుకే ఇంత చెబుతున్నా. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కింద వందకు పైగా నగరాలున్నాయి, హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ సహా. 2024లో సీఎస్ఈ సంస్థ లెక్క తీస్తే, ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్లు వేయడం, గుంతలు పూడ్చడం, ఊడ్చే మెషిన్లు, నీళ్ళు చల్లే ట్యాంకర్లకే పోయింది. కట్టెలు, చెత్త లాంటివి కాల్చడం ఆపేందుకు పెట్టింది 14.5 శాతం. పరిశ్రమలకి 0.61. ఎందుకిలా? ఊరికి మార్కులు వేసేది పీఎం 10 చూసి. పీఎం 10 తగ్గించాలంటే దుమ్ము మీద నీళ్ళు కొట్టడం సులువు. ఊపిరితిత్తుల్లోకి పోయేది అలాగే ఉండిపోతుంది.

మా వీధి చివర పొద్దున్నే చెత్త కుప్ప కాలుతుంది. ఒకరోజు అక్కడ ఊడుస్తున్న ఆవిడని "ఎందుకమ్మా అంటించారు" అని అడిగా. "బండి వస్తలేదు సార్, మూడు రోజులాయె. కుప్ప పెట్టుకుని నేనేం జేయాలె?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆ కుప్ప ఏ యాప్‌లోనూ కనిపించదు. దగ్గరి స్టేషన్‌కి ఆరు కిలోమీటర్లు.

ఫిల్టర్లు, ల్యాబులు మన చేతిలో లేవు. కానీ ఫోన్‌లో చేయగలిగింది ఒకటుంది. సెంట్రల్ పొల్యూషన్ బోర్డు వాళ్ళ సమీర్ యాప్ గానీ వెబ్‌సైట్ గానీ తెరిచి మీ దగ్గరి స్టేషన్ చూడండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకొన్ని ఉన్నాయి. ఏక్యూఐని పక్కన పెట్టి, పీఎం 2.5, పీఎం 10 రెండూ మైక్రోగ్రాముల్లో రాసుకోండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 0.3 దగ్గర ఉంటే దుమ్ము పాలు ఎక్కువ. 0.6 దాటితే ఏదో కాలుతోంది. సంక్రాంతి ముందు వారం నుంచి మొదలుపెట్టి, భోగి రోజు, ఆ తర్వాత వారం వరకూ గంటల వారీగా రాస్తే బొమ్మ మీకే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త. చలికాలం రాత్రుళ్ళు పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, కింద పొగ పైకి పోదు. కాబట్టి రాత్రి నంబరు పెరిగినంత మాత్రాన అప్పుడే ఎవరో ఎక్కువ కాల్చారని కాదు. నంబరు కంటే ఆ నిష్పత్తిని నమ్మండి.

భోగి వారం లెక్కలు వేసినవాళ్ళు మీ స్టేషన్ పేరు, తేదీలతో సహా నాకు పంపండి. అన్నీ ఒకే గ్రాఫ్‌లో పెట్టి వచ్చే నెల ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండీ.